సంఘంలో పాపాన్ని గద్దించడం ఎలా? వెలివేయకుండా పరిశుద్ధతను కాపాడుకునే దారి

మా ఊరు ఒంగోలుకు కొంచెం దూరంలో, గుండ్లకమ్మ ఒడ్డున ఉంటుంది. నేను సంఘ పెద్దగా ఎన్నికైన మొదటి సంవత్సరంలోనే మేమంతా కలిసి ఒక తప్పు చేశాం. యౌవనస్థుల దగ్గర పోగైన క్రిస్మస్ డబ్బుకు లెక్క చూసే అబ్బాయి అందులో నలభై వేలు తీసి బావమరిదికి ఇచ్చాడు. పొగాకు ఆకు కాల్చే బేరన్‌కు కట్టెలు కొనాలి, వేలం కాగానే తిరిగి పెట్టేద్దాం అనుకున్నాడు. ఆ సంగతి గురువారం సాయంత్రం మా చెవిన పడింది. ఆదివారం ఆరాధనలో, వచ్చిన చుట్టాలందరి ఎదుట, వేదిక మీద నుంచి అతని పేరు చదివించాం. గురువారానికి ఆదివారానికి మధ్య రెండు రోజులున్నాయి. అతని ఇల్లు మందిరానికి నాలుగు ఇళ్ళ అవతల. మాలో ఒక్కరం కూడా ఆ గడప తొక్కలేదు.

అతను చేసింది తప్పే. దేవునికని ఇచ్చిన డబ్బు అది, ఎవరి అవసరానికీ తీయకూడదు. కానీ ఆ ఆదివారం తర్వాత అతనూ రాలేదు, ముప్పై ఏళ్ళుగా ముందు వరుసలో కూర్చున్న వాళ్ళమ్మా రాలేదు. పరిశుద్ధత కాపాడామని మేం అనుకున్నాం. ఆ తర్వాత మత్తయి సువార్త 18వ అధ్యాయం 15వ వచనం ఎన్నిసార్లు చదివినా నాకు ఆ నాలుగు ఇళ్ళ దూరమే కనిపిస్తుంది. సహోదరుడు తప్పు చేస్తే ‘నీవు పోయి’ ఒంటరిగా గద్దించమని, వినకపోతే ఒకరిద్దరితో, అప్పటికీ వినకపోతే సంఘానికి చెప్పమని ప్రభువు అక్కడ అన్నాడు; ‘నీవు పోయి’ అన్నదే మొట్టమొదటి మాట. మేం పోలేదు.

ఈ జిల్లాల సంఘాలకు ఈ మాట మరీ ముఖ్యం. మనలో చాలామంది పూర్వికులు వెలి అంటే ఏమిటో ఒంటి మీద అనుభవించినవారు. 1866లో అమెరికా బాప్టిస్టు మిషనరీ క్లౌ దొర ఒంగోలు వచ్చాక ప్రభువును నమ్ముకున్న మాదిగ కుటుంబాలు ఆదివారం పని మానేశాయి, చచ్చిన గొడ్ల మాంసం ముట్టడం మానేశాయి, గ్రామదేవతల పూజల్లో డప్పు కొట్టం అన్నాయి. దానికి ఊరు కూలి ఆపింది, నీళ్ళు ఆపింది, దారి మూసింది. అలాంటివారి మనుమలమైన మనం సంఘ క్రమశిక్షణ పేరుతో ఇంకొకరికి అదే వెలి వేస్తే ఎలా? పాపాన్ని చూసీ చూడనట్టు వదిలెయ్యమని నేను అనడం లేదు. గద్దించి తీరాలి. గద్దింపుకు, వెలికి ఉన్న తేడా తెలుసుకుని గద్దించాలి. ఎలా చేయాలో, ప్రభువు అక్కడ చెప్పిన మెట్ల వరుసలో, నాకు తెలిసినంత వరకు చెబుతాను.

ముందుగా తేల్చుకోండి: ఇది పాపమా, మనకు నచ్చని సంగతా?

పెద్దల సమావేశానికి వచ్చే ఫిర్యాదుల్లో చాలావాటికి ఇక్కడే జవాబు దొరుకుతుంది. పెళ్ళయి వచ్చిన కోడలు తలలో పూలు పెట్టుకుంటున్నదని, ఫలానా కుటుంబం పక్క ఊరి ఉజ్జీవ కూటాలకు వెళ్ళిందని, అబ్బాయి చొక్కా బాగాలేదని, పాటకు గిటారు వాయించారని అంటారు. వీటి మీద మీకు అభిప్రాయం ఉండవచ్చు, నాకూ ఉంది. కానీ రోమా పత్రిక 14వ అధ్యాయంలో పౌలు తిండి గురించి, దినాల గురించి చెప్పిన మాటలు ఇలాంటివాటికే. అక్కడ ఒకరికొకరు తీర్పు తీర్చుకోవద్దన్నాడు.

అదే సమయంలో, పాపమని వాక్యం సూటిగా చెప్పిన వాటిని మనం ‘ఊళ్ళో మామూలే’ అని దాటేస్తుంటాం. చీటీ పాడుకుని డబ్బు చేతికి రాగానే వాయిదాలు ఎగ్గొట్టడం. తాగి భార్యను కొట్టడం. అన్నదమ్ముల వాటాలో గట్టు జరపడం. కూలివాళ్ళ డబ్బు రొయ్యల చెరువు పట్టుబడి అయ్యేదాకా ఆపడం. పెళ్ళిలో పాస్టరు గారి చేత ప్రార్థన చేయించి, లోపలి గదిలో కట్నం లెక్కపెట్టుకోవడం. కట్నం ఇవ్వడమూ తీసుకోవడమూ 1961 నుంచి చట్టప్రకారం నేరం. అయినా కట్నం తీసుకున్నందుకు ప్రభువు బల్లకు (రొట్టె, ద్రాక్షారసం తీసుకునే సంస్కారానికి) దూరంగా ఉండమని ఏ సంఘమైనా ఎవరికైనా చెప్పగా నేను వినలేదు.

కులం సంగతి ఇంకా లోతైనది. క్లౌ వచ్చిన కొత్తలో పై కులాల వారు కొందరు సువార్త వినడానికి సిద్ధమై, మాదిగలను చేర్చుకుంటే మాత్రం తాము రామన్నారు. ఏం చేయాలో తోచక భార్యాభర్తలిద్దరూ విడివిడిగా బైబిలు తెరిస్తే, ఇద్దరికీ కొరింథీయులకు రాసిన మొదటి పత్రిక మొదటి అధ్యాయంలో ఒకే చోటు కనిపించిందట. లోకంలో నీచులైనవారిని, తృణీకరింపబడినవారిని దేవుడు ఏర్పరచుకున్నాడన్న మాట అది. ఆ మాట మీద నిలబడ్డ సంఘాల్లో ఈ రోజు మాల పేటకు ఒక మందిరం, మాదిగ పేటకు ఇంకొక మందిరం ఉండటం, పెళ్ళి సంబంధం దగ్గరికి వచ్చేసరికి విశ్వాసం కంటే పేట ముందుకు రావడం నాకు పూల కంటే, చొక్కా కంటే వెయ్యి రెట్లు పెద్ద పాపంగా కనిపిస్తాయి.

కాబట్టి ఫిర్యాదు విన్నప్పుడు నన్ను నేను మూడు ప్రశ్నలు వేసుకుంటాను. వాక్యంలో దీన్ని పాపమని చెప్పిన చోటు చూపించగలనా? జరిగిందని నాకు తెలుసా, లేక విన్నానా? ఇది ఒకసారి కాలుజారడమా, లేక మానడానికి ఇష్టపడని నడతా? మొదటి దానికి లేదని జవాబు వస్తే అక్కడితో ఆపేయాలి. రెండో దానికి ‘విన్నాను’ అని వస్తే ఇంకెవరికీ చెప్పకుండా నిజం తెలుసుకోవాలి. మూడోది మీరు ఎంత మెత్తగా, ఎంత గట్టిగా మాట్లాడాలో చెబుతుంది.

ఇంకొక హద్దు కూడా గుర్తుంచుకోండి. కొరింథు సంఘానికి రాస్తూ పౌలు, వెలుపలివారికి తీర్పు తీర్చడం తన పని కాదన్నాడు. సినిమాలవాళ్ళ మీద, ఊళ్ళో జాతరల మీద గంటసేపు ప్రసంగించి, సంఘం లోపలి అన్యాయం మీద నోరు మెదపకపోవడం ఆయన చెప్పినదానికి తలకిందులు.

నేరమైతే ఈ మెట్లు వద్దు, నేరుగా పోలీసులకు చెప్పండి

దీన్ని వేరుగా, గట్టిగా చెప్పాలి. పిల్లల మీద లైంగిక అఘాయిత్యం జరిగిందని తెలిస్తే అది ‘నీవును అతడును ఒంటరిగా’ మాట్లాడుకునే సంగతి కాదు. పోక్సో చట్టం 2012లో వచ్చింది. 18 ఏళ్ళలోపు పిల్లలపై అలాంటి నేరం జరిగిందని తెలిసిన ప్రతి ఒక్కరూ పోలీసులకు తెలియజేయాలని అందులో ఉంది. పాస్టరైనా, ఆదివారపు బడి టీచరైనా, పెద్దయినా సరే. చెప్పకుండా దాచితే అది కూడా నేరమే. పిల్లలకైతే 1098, మహిళలకైతే 181, వెంటనే పోలీసులు కావాలంటే 112. ఈ మూడు అంకెలు మందిరం గోడ మీద, కానుకల పెట్టె పక్కన రాసి ఉంచండి.

‘సంఘానికి చెడ్డపేరు వస్తుంది, మనలో మనం తేల్చుకుందాం’ అని ఎవరైనా అంటే ఆ మాట వినవద్దు. బాధపడిన బిడ్డను, ఆ బిడ్డ తల్లిని రాజీకి కూర్చోబెట్టవద్దు. క్షమించమని వారి మీద ఒత్తిడి తేవద్దు. భర్త కొడుతున్న స్త్రీకి ‘లోబడి ఉండు తల్లీ’ అని చెప్పి తిరిగి అదే ఇంటికి పంపవద్దు. ముందు ఆమెకు, పిల్లలకు ఆ రాత్రి తలదాచుకునే చోటు చూడండి. నేరం చేసినవాడి ఆత్మ గురించి తర్వాత చెరసాలకు వెళ్ళి అయినా మాట్లాడవచ్చు.

వెళ్ళే ముందు

గలతీయులకు రాసిన పత్రిక 6వ అధ్యాయం మొదటి వచనంలో, తప్పులో చిక్కుకున్నవాణ్ణి సాత్వికమైన మనసుతో మంచిదారికి తీసుకురమ్మని, నీవూ శోధింపబడతావేమో చూసుకొమ్మని ఉంది. ఆ పాపం పేరు పెట్టి మీ కోసం మీరు మొదట ప్రార్థించండి. చీటీ ఎగ్గొట్టినవాడి దగ్గరికి వెళ్తుంటే మీరు ఎవరికి ఎంత బాకీ ఉన్నారో గుర్తు చేసుకోండి. అతని మీద పాత కోపం ఉంటే, మీ ఇద్దరి మధ్య పొలం తగాదా ఉంటే, మీరు వెళ్ళవద్దు. ఇంకొకరిని పంపండి.

ఆ ప్రార్థన ఒంటరిగా చేయండి. మన సంఘాల్లో చాడీలు చాలాసార్లు ప్రార్థన విన్నపం వేషంలోనే తిరుగుతాయి. ‘ఫలానా చెల్లెలి కుటుంబం కోసం ప్రార్థించండి, వివరాలు తర్వాత చెబుతాను’ అని ఉపవాస ప్రార్థనలో ఒకరంటే, ఆ ‘తర్వాత’ వచ్చేసరికి వీధంతా తెలిసిపోతుంది. వాట్సాప్ గుంపులో పెడితే ఇక చెప్పనక్కరలేదు. ఆ మనిషికి చెప్పడానికి ముందు ఇంకెవరికి చెప్పినా, ఎంత భక్తిగా చెప్పినా, మీరు మొదటి మెట్టు ఎక్కకుండానే మూడో మెట్టు మీదికి దూకారన్నమాట.

మొదటి మెట్టు: నీవు పోయి, ఒంటరిగా

నా మనసంతా ఈ మెట్టు మీదే ఉంది. ఇక్కడ సరిగా చేస్తే చాలావరకు తర్వాతి మెట్లతో పని ఉండదు.

సమయం చూసుకోండి. బేరన్ కాలుస్తున్న రోజుల్లో రాత్రంతా మేలుకున్న రైతు దగ్గరికి పొద్దున్నే వెళ్ళి పాపం గురించి మాట్లాడితే చెవికెక్కదు. తాగి ఉన్నప్పుడు మాట్లాడవద్దు. ఇంట్లో చావో, జబ్బో ఉన్నప్పుడు ఆగండి. అలాగని నెలలు గడవనివ్వవద్దు. ఒక వారం అనుకుంటే ఒక వారమే. ఎదురుచూసిన కొద్దీ మీ ధైర్యం తగ్గుతుంది, ఊళ్ళో మాట పెరుగుతుంది.

చోటు కూడా ముఖ్యమే. పదిమంది వచ్చిపోయే అరుగు మీద వద్దు, టీ కొట్టు దగ్గర వద్దు, అతని పిల్లల ముందు అసలే వద్దు. పొలం గట్టు మీద కలిసి నడవడం మంచిది. పక్కపక్కన నడిచేవాళ్ళు ఒకరి ముఖం ఒకరు చూసుకోనక్కరలేదు, ఆ మరుగు తప్పు ఒప్పుకునేవాడికి సాయం చేస్తుంది. ఫోన్లో ఈ పని చేయవద్దు. అతను హైదరాబాదుకో బెంగళూరుకో పనికి వెళ్ళి ఉంటే పండుగకు వచ్చేదాకా ఆగవచ్చు, లేదా బస్సెక్కి వెళ్ళండి. స్త్రీతో మాట్లాడాల్సి వస్తే పాస్టరమ్మగారో, స్త్రీల సమాజంలో ఒక పెద్దావిడో వెళ్ళాలి. మగవాళ్ళు ఒంటరిగా వెళ్ళకూడదు.

మాట ఎలా మొదలుపెట్టాలి? చుట్టూ తిప్పితే ఎదుటివాడు భయపడతాడు, సూటిగా కొడితే ముడుచుకుపోతాడు. నాకు నచ్చిన పద్ధతి, విన్నది చెప్పి అతని నోటి నుంచి సంగతి వినడం. వరసకు తమ్ముడైతే ఇలా అనవచ్చు:

‘తమ్ముడూ, నీ గురించి ఒక మాట విన్నాను. ఇంకెవరినీ అడగలేదు, నిన్నే అడుగుదామని వచ్చాను. చీటీ డబ్బు నాలుగు నెలలుగా కట్టడం లేదట, నిజమేనా? కాకపోతే కాదని చెప్పు, ఆ మాట అన్నవాళ్ళకు నేనే చెబుతాను.’

అక్కడ ఆగండి. అతను మౌనంగా ఉంటే మీరూ మౌనంగా ఉండండి. ఆ మౌనాన్ని వాక్యంతో నింపాలనే తొందర పెద్దలందరికీ ఉంటుంది, నాకూ ఉంది. ఆపుకోవాలి. అతను ‘అవును అన్నా’ అంటే అప్పుడు బైబిలు తెరవండి, ఒక్క వచనం చాలు. ‘కాదు’ అంటే నమ్మి వినండి. ఒకసారి నేను రుజువులన్నీ పోగేసుకుని వెళ్ళాను. అతని మాట విన్నాక తప్పు నాకు చెప్పినవారిదేనని తేలింది. ఒంటరిగా వెళ్ళమని ప్రభువు అన్నది అతని పరువు కోసమే కాదు, మన పొరపాటు కూడా నలుగురిలో పడకుండా అని ఆ రోజు అర్థమైంది.

మీకంటే పెద్దవారితో మాట్లాడాల్సి వస్తే తిమోతికి పౌలు చెప్పింది గుర్తుంచుకోండి: వృద్ధుణ్ణి గద్దించక తండ్రిలా భావించి హెచ్చరించమన్నాడు. ‘పెద్దయ్యా, మీరు నాకు బాప్తిస్మం నాడు చెయ్యి పట్టుకున్నవారు, అందుకే చెప్పడానికి భయంగా ఉంది’ అని నిజం చెప్పి మొదలుపెట్టడంలో తప్పులేదు. యెరికోలో దేవునికి చెందిన సొమ్ము దొంగిలించిన ఆకాను దాచిన వస్తువులు బయటపడబోతున్న ఘడియలో కూడా యెహోషువ అతణ్ణి ‘నా కుమారుడా’ అని పిలిచాడు.

అతను ఒప్పుకుంటే? అక్కడే ప్రార్థించండి. తర్వాత ఏం చేయాలో ఇద్దరూ తేల్చుకోండి: డబ్బు ఎప్పటికి, ఎన్ని విడతల్లో, ఎవరి చేతికి. తాగుడైతే ఏ డాక్టరు దగ్గరికి, ఎవరు తోడు వెళ్తారు. తాగుడు ప్రార్థనతో పాటు వైద్యం కూడా అవసరమైన బాధ, అలా చెప్పడానికి సిగ్గుపడవద్దు. అంతటితో ఆ సంగతి మీ ఇద్దరి మధ్యే ఉండిపోవాలి. మీ భార్యకు కూడా చెప్పవద్దు. ప్రభువు మాటలో చెప్పాలంటే మీరు మీ సహోదరుణ్ణి సంపాదించుకున్నారు.

ఒప్పుకోకపోతే వెంటనే రెండో మెట్టు ఎక్కవద్దు. పది రోజులాగి మళ్ళీ వెళ్ళండి. ఎన్నిసార్లని వాక్యంలో లెక్క లేదు. తన దగ్గరికి మళ్ళీ మళ్ళీ వస్తున్నది ఓడించడానికి కాదని అతనికి తెలిసేదాకా వెళ్ళాలి.

రెండో మెట్టు: ఒకరిద్దరితో

సాక్షులంటే మీ పక్షాన మాట్లాడేవాళ్ళు కాదు. ఇద్దరు ముగ్గురు సాక్షుల మాట మీద ప్రతి సంగతీ స్థిరపడాలన్నది ద్వితీయోపదేశకాండం 19వ అధ్యాయం. వారి పని ఇరువైపులా వినడం. అందుకే మీ చుట్టాన్ని తీసుకెళ్ళవద్దు. అతనికి గౌరవం ఉన్న ఒకరిని, వీలైతే అతని పేట నుంచే, ఎంచుకోండి. అంతా విన్నాక ‘ఇందులో తప్పు నీదే’ అని మీతో అనగలిగే మనిషి అయితే ఇంకా మంచిది.

డబ్బు, భూమి సంగతులు ఈ మెట్టులో కాగితం మీద పెట్టాలి. రెండు ప్రతులు, ఇద్దరి సంతకాలు. పెద్దల మాట మీద తేలిన వాటా ఏడాది తిరిగేసరికి ఇద్దరికీ రెండు రకాలుగా గుర్తుంటుంది.

మూడో మెట్టు: సంఘానికి తెలియజేయడం

‘సంఘానికి’ అంటే ఆదివారం ఆరాధనకు వచ్చిన అందరికీ అని మేం ఆ రోజు అనుకున్నాం. అది మా తప్పు. బాప్తిస్మం పొంది, బల్లలో పాలుపొందే సభ్యులు మాత్రమే ఉండే కూటం వేరుగా పెట్టండి. చుట్టాలు, పిల్లలు, ఊరివారు ఉండకూడదు. ఫోన్లు బయట పెట్టించండి. యూట్యూబులో ఆరాధన చూపించే సంఘాలు ఆ కెమెరా ఆపాలి. ఏ రోజు ఏం చెప్పబోతున్నారో అతనికి ముందుగా తెలియజేయండి. అతను వచ్చి మాట్లాడతానంటే ముందు అతనికే అవకాశం ఇవ్వండి.

చెప్పేది తక్కువగా ఉండాలి. పాపం ఏమిటో ఒక్క మాటలో, ఎన్నిసార్లు వెళ్ళి మాట్లాడారో, సంఘం ఇప్పుడు ఏం చేయాలో. వ్యభిచారం సంగతైతే రెండో మనిషి పేరు, వివరాలు పలకనే కూడదు. ఆమె లేదా అతని కుటుంబం ఆ తర్వాత కూడా ఊళ్ళో బతకాలి. సంఘం చేయవలసింది ఒక్కటే, అతణ్ణి తెలిసినవాళ్ళు ప్రేమతో వెళ్ళి తిరిగి రమ్మని అడగడం. దానికి ఒక నెల ఇవ్వండి.

జరిమానా వేయవద్దు. కొన్ని ఊళ్ళలో కులపెద్దల అలవాటు మందిరంలోకి వచ్చి, తప్పుకు ఇంత అని కట్టించుకుని కానుకల పెట్టెలో వేస్తున్నారు. పాపానికి ధర కట్టే పని సంఘానిది కాదు. మోసపోయినవాడికి డబ్బు తిరిగి ఇప్పించండి, సంఘం పైసా తీసుకోకూడదు. అందరి ముందు గుంజీలు తీయించడం, కాళ్ళు పట్టించడం, ఫొటో తీయడం లాంటివి ఎవరు సూచించినా అక్కడే ఆపండి.

నాలుగో మెట్టు: బల్లకు దూరంగా

ఇంకా మనసు మారకపోతే ప్రభువు బల్లలో పాలుపొందకుండా, సంఘంలో ఏ బాధ్యతా లేకుండా ఉంచాలి. ఇక్కడ మెత్తబడకూడదు. బల్ల దగ్గర తెలిసి తెలిసి అబద్ధం ఆడటానికి సంఘం తోడుపడితే, కొంచెం పులిసిన పిండి ముద్దనంతా పులియజేస్తుందని పౌలు చెప్పింది జరుగుతుంది. ఆ మనిషిని చూసి యౌవనస్థులు నేర్చుకునేది, బల్ల అంటే ఒట్టి ఆచారమేనని.

అయితే అతని నుంచి ఏవి తీసేయకూడదో స్పష్టంగా రాసుకోండి. ఆరాధనకు రావడం, వాక్యం వినడం ఆపకూడదు. అతని పిల్లలకు ఆదివారపు బడి ఆపకూడదు. జబ్బు చేస్తే వెళ్ళి ప్రార్థించడం మానకూడదు, ఇంట్లో చావు వస్తే సమాధుల తోటలో చోటు, శవాన్ని మోయడానికి భుజం ఇవ్వకుండా ఉండకూడదు. ఎవరూ పలకరించకపోవడం, నీళ్ళు ఇవ్వకపోవడం, పనికి పిలవకపోవడం ఊరు చేసిన వెలి. థెస్సలొనీకయులకు రాసిన రెండో పత్రిక చివరి అధ్యాయంలో, అలాంటివాణ్ణి శత్రువుగా ఎంచక సహోదరుడిగా బుద్ధి చెప్పమని ఉంది.

సంఘం మాట కూడా విననివాణ్ణి ‘అన్యుని గాను, సుంకరి గాను’ ఎంచమని ప్రభువు అక్కడే అన్న మాట చాలామందికి కఠినంగా వినిపిస్తుంది. ఆ మాట రాసిన మత్తయి సుంకరి, అంటే పన్ను వసూలు చేసేవాడు. ప్రభువు సుంకరులతో ఎలా ఉండేవాడో అతనికంటే బాగా ఎవరికి తెలుసు? పేరు పెట్టి పిలిచాడు, వాళ్ళింటికి వెళ్ళి భోజనం చేశాడు. విశ్వాసి అని అబద్ధంగా లెక్కపెట్టకుండా, మొదటిసారి సువార్త చెప్పవలసిన మనిషిగా చూడమన్నదే ఆ మాటకు అర్థమని నేను నమ్ముతాను.

తప్పు కాపరిదైతే, పెద్ద కానుకలు ఇచ్చేవారిదైతే

మొదటి తిమోతి 5వ అధ్యాయం 19వ, 20వ వచనాలు కలిపి చదవాలి. పెద్ద మీద ఫిర్యాదును ఇద్దరు ముగ్గురు సాక్షులు లేకుండా అంగీకరించవద్దని మొదటిది, పాపం చేస్తుంటే అందరి ఎదుట గద్దించమని రెండోది. మన దగ్గర మొదటి వచనం బాగా వినిపిస్తుంది, రెండోది ఎవరూ చదవరు. ‘అభిషిక్తుని ముట్టవద్దు’ అని దావీదు సౌలును చంపకుండా విడిచిపెట్టిన సంగతి చెబుతారు. అదే దావీదు రాజయ్యాక పాపం చేస్తే ప్రవక్త నాతాను ఇంటికే వెళ్ళి, గొర్రెపిల్ల కథ చెప్పి, ‘ఆ మనుష్యుడవు నీవే’ అన్నాడు. సాక్షుల నియమాన్ని పిల్లల మీద జరిగిన నేరానికి అడ్డు పెట్టుకోవడం మాత్రం దారుణం. ఆ సంగతి పైన చెప్పాను.

సొంతంగా పెట్టుకున్న మందిరాల్లో, పాస్టరు గారి మీద ఎవరూ లేనిచోట, ఏం చేయాలి? కష్టమే. పక్క ఊళ్ళ నుంచి ఇద్దరు ముగ్గురు వయసు మళ్ళిన కాపరులను, అతని చుట్టాలు కానివారిని, కూర్చోబెట్టమని సభ్యులు అడగాలి. ఒప్పుకోకపోతే ఆ సంఘంలో ఉండాలా వద్దా అని ఎవరి కుటుంబం వారు తేల్చుకోవాలి. అలాంటి తప్పు రాకముందే కట్టుకోదగిన అడ్డుకట్టలు కూడా ఉన్నాయి: బ్యాంకు ఖాతాకు రెండు సంతకాలు, ఆ ఇద్దరూ ఒకే ఇంటివారు కాకపోవడం, ప్రతి ఆదివారం కానుకలు ముగ్గురు కలిసి లెక్కించడం, మూడు నెలలకోసారి జమాఖర్చులు గోడకు అంటించడం. మేం ఆ క్రిస్మస్ డబ్బుకు ఇవేవీ చేయలేదు. ఒక్క కుర్రాడి చేతిలో పెట్టి, చూసేవారు లేకుండా వదిలేశాం. ఆ పాపంలో మా వాటా అది.

తిరిగి చేర్చుకోవడం

ప్రసంగాల్లో దీని మాట తక్కువగా వినిపిస్తుంది. కొరింథులో గద్దింపు పొందినవాడు పశ్చాత్తాపపడ్డాక, అధిక దుఃఖంలో మునిగిపోకుండా అతణ్ణి క్షమించి ఆదరించమని పౌలు రెండో పత్రికలో రాశాడు. ఎవరు ఎక్కడ, ఎలా చేర్చుకోవాలో ముందే అనుకోండి. వెలుపల పెట్టిన మాట ఏ కూటంలో చెప్పారో, చేర్చుకున్న మాట అదే కూటంలో అంత గట్టిగానే చెప్పాలి. బల్ల నాడు అతని పక్కన ఒక పెద్ద కూర్చోవాలి.

పశ్చాత్తాపం కన్నీళ్ళతో తేలదు. సుంకరి జక్కయ్య, అన్యాయంగా తీసుకున్నదానికి నాలుగింతలు తిరిగిస్తానన్నాడు. బాకీ కట్టడం మొదలైందా, ఆ ఇంటికి వెళ్ళడం మానాడా, భార్య భయం లేకుండా మాట్లాడుతున్నదా అని చూడండి. సహవాసం తిరిగి ఇవ్వడం వేరు, బాధ్యత తిరిగి ఇవ్వడం వేరు. డబ్బు తీసినవాణ్ణి ఆనందంగా బల్లకు పిలవండి, లెక్కల పుస్తకం మాత్రం కొన్నేళ్ళు ఇవ్వకండి. పిల్లలకు హాని చేసినవాడికి పిల్లల మధ్య పని ఎప్పటికీ ఇవ్వకూడదు. క్షమించాం కదా అని ఎవరైనా అడ్డుపడితే, క్షమాపణ అతనిది, భద్రత పిల్లలదని చెప్పండి.

తలుపు దగ్గరే జాగ్రత్త

1876 నుంచి 1878 వరకు ఈ ప్రాంతాన్ని కాల్చేసిన కరువులో క్లౌ బకింగ్‌హాం కాలువ తవ్వకంలో కొంత భాగం గుత్తకు తీసుకుని ఆకలిగొన్నవారికి పని ఇచ్చాడు. కూలి కోసం వస్తున్నారో, ప్రభువు కోసం వస్తున్నారో తెలియదని ఆ కరువు రోజుల్లో బాప్తిస్మాలు ఆపేశాడు. సాయం అందించడం ఆగిన తర్వాతే, అడిగి చూసి, ఇవ్వడం మొదలుపెట్టాడు. 1878 జులై 3న గుండ్లకమ్మలో, వెల్లంపల్లి దగ్గర, ఒక్క రోజులో 2,222 మంది నీళ్ళలో దిగారని చెప్పుకుంటాం. ఆ లెక్క గర్వంగా చెబుతాం, అంతకు ముందు ఆగిన నెలల సంగతి చెప్పం. బాప్తిస్మానికి ముందు కనీసం మూడు నెలల బోధ పెట్టండి. అందులో చీటీలు, కట్నం, తాగుడు, కులం గురించి పేరు పెట్టి మాట్లాడండి. తప్పు చేస్తే సంఘం ఏం చేస్తుందో, ఏం చేయదో ఆ రోజే చెప్పి ఒప్పుకున్నట్టు సంతకం తీసుకోండి. నెలకొకసారి బల్లకు ముందు శనివారం సిద్ధపాటు కూటం జరిపే అలవాటు పోయిన సంఘాలు దాన్ని మళ్ళీ మొదలుపెడితే, ఇరుగుపొరుగు తగాదాలు చాలావరకు అక్కడే తేలిపోతాయి.

సంఘమే తప్పు చేసి ఉంటే

పాత పుస్తకాల్లో గద్దించిన పేర్లు వెతకండి. రెండో మెట్టు ఎక్కకుండా బయట పెట్టినవారు ఉంటే వెళ్ళండి. సాకులు లేకుండా, ‘మీ తప్పు కూడా ఉంది కానీ’ అనే మాట లేకుండా, మేం తప్పు చేశామని చెప్పండి. చెప్పిన తర్వాత మందిరానికి రమ్మని వెంటనే అడగవద్దు.

ఆ డబ్బు లెక్క అబ్బాయి ఇప్పుడు చీమకుర్తిలో గ్రానైటు పనికి వెళ్తున్నాడు. మూడేళ్ళ కింద మొదటిసారి వెళ్ళాను. తలుపు దగ్గరే నిలబెట్టి, ‘ఆ రోజు మీలో ఒక్కరైనా మా ఇంటికి వచ్చారా మామా?’ అని అడిగాడు. రాలేదని చెప్పాను. ఇంకేమీ చెప్పలేదు, అతనూ ఏమీ అనలేదు. వాళ్ళమ్మ లోపల నుంచి మంచినీళ్ళు తెచ్చి ఇచ్చింది. ఇప్పుడు నెలకోసారి, రెండో శనివారం, ఆ బస్సు ఎక్కుతున్నాను. అతను ఇంకా మందిరానికి రాలేదు. వాళ్ళమ్మ మాత్రం పోయిన క్రిస్మస్‌కు తన పాత పాటల పుస్తకం ఇంకా మందిరంలోనే ఉందా అని అడిగింది. ఉంది. ముందు వరుసలో, కిటికీ పక్కన.